అవ్వ నిలబడితే ఆవు, పక్కకు పోతే దూడ

గోడల మీద బొమ్మలు వేయడం నేర్చుకుంటున్న ఆడపిల్లలు ఈ మధ్య మదనపల్లెలో మా ఇంటికి వస్తూ ఉంటారు. ఎవరొచ్చినా మొదట అడిగేది ఒకటే. "అవ్వా, మొదలు ఏ బ్రష్షు కొనల్ల?" అని. బ్రష్షు తరువాత కొనుక్కుందురుగాని, ముందు కూర్చోండి. కాఫీ తాగండి. పుంగనూరు ఆవు సంగతి చెబుతాను. అందులో బ్రష్షు ఉంది, రంగు ఉంది, ఎండ ఉంది, నా పరువు ఉంది. మా మేస్త్రీ కుడితితొట్లో పడటం కూడా ఉంది. నవ్వొస్తే ఆపుకోకండి. నేను ఇన్నేళ్ళయినా ఆపుకోలేకపోతున్నాను.

నేను చదివింది మూడో తరగతి, అదీ సగం. పెళ్ళయి వచ్చాక టమోటా మార్కెట్టులో గ్రేడింగు పనికి పోయేదాన్ని. రాశిగా పోసిన కాయల ముందు కూర్చుని పచ్చివి ఒక పక్క, దోరవి ఒక పక్క, పండినవి ఒక పక్క ఏరి క్రేట్లలో వేయడం మా పని. చూసేవాళ్ళకు అవన్నీ టమోటాలే. పొద్దంతా వాటి ముందు కూర్చున్న మాకు మాత్రం ఆకుపచ్చ నుంచి ఎరుపు దాకా ఒక్కొక్క కాయ ఒక్కొక్క మెట్టు మీద నిలబడినట్టు కనిపించేది. తొడిమ దగ్గర ఇంకా పచ్చ ఉండి, కొసన గులాబీ తిరిగిన కాయ దూరం పోయే లారీకి. నిండా ఎర్రబడినది ఆ పూటే అమ్ముడుపోవాలి. ఆ రెండూ ఒకే క్రేటులో కలిశాయంటే మండీ ఆయన కేకలు బస్టాండు దాకా వినిపించేవి. ఈ మాట గుర్తుంచుకోండి, కథ చివర పనికొస్తుంది.

ఒకరోజు మండీ గోడ మీద టమోటా బొమ్మ వేస్తూ ఒకాయన కనిపించాడు. కుప్పం మనిషి. తెలుగులో మొదలుపెట్టి, అరవంలో తిట్టి, కన్నడంలో నవ్వే రకం. నేను నెత్తిన గంపతో పోతూ పోతూ నోరు ఊరుకోక, "అప్పా, ఆ రంగు కాయ ఈ భూమ్మీద యాడా కాయదు. అది కుంకుమ" అన్నాను.

ఆయన వెనక్కి కూడా తిరగలేదు. "కాసే కాయ రంగు యాదో నువ్వు కలుపు, సూస్తాం" అని కాలితో డబ్బా నా వైపు తోశాడు.

గంప దించాను. ఎరుపులో పసుపు వేశాను, చాలలేదు. ఇంకాస్త వేశాను, నారింజ అయిపోయింది. భయమేసి చిటికెడు ఆకుపచ్చ వేశాను. అది పడగానే అంతవరకు ఎగిరెగిరి పడుతున్న ఎరుపు దిగి వచ్చి టమోటా అయి కూర్చుంది. గంపలోంచి ఒక కాయ తీసి పక్కన పట్టుకున్నాను. ఆయన ఇప్పుడు తిరిగి చూశాడు. కాయను చూశాడు, డబ్బాను చూశాడు, "అడడా" అన్నాడు. పై వారం నుంచి ఆయనే నా మేస్త్రీ, నేను ఆయన దగ్గర రంగులు కలిపే మనిషిని.

మా గుంపులో మూడో మనిషి ఒక చెల్లెమ్మ. మిషన్ కాంపౌండులో పుట్టి పెరిగింది, వాళ్ళమ్మ ఆస్పత్రిలో ఆయా. ఏ మాటకైనా ముందు "ప్రభువా" అనేది, ఆ వెంటనే ఎగతాళి మొదలుపెట్టేది. బోర్డుల మీద అక్షరాలు ఆమె రాసేది, బొమ్మల గీతలు మేస్త్రీ గీసేవాడు, గీతల లోపల నేను రంగు నింపేదాన్ని. ఏళ్ళ తరబడి అంతే. గీత గీసే బ్రష్షు ఒకటి ఉండేది, సన్నగా, పొడుగాటి వెంట్రుకలతో. అది మేస్త్రీ చొక్కా జేబులోంచి బయటికొస్తే ఆయన చేతిలోకే తప్ప ఇంకెవరి చేతిలోకీ పోయేది కాదు. నేను అడిగినప్పుడల్లా ఒకటే మాట. "నీకు రంగు కన్నుండాది. గీతకు చెయ్యి కావల్ల. నీకు రాదు, నోరు మూసుకుని సుమ్మనుండు."

ఇంటి ముందు ఇరవైయొక్క చుక్కల ముగ్గు చెరగకుండా, తడబడకుండా వేసేదాన్ని. నాకు చెయ్యి లేదట! ఉడుక్కునేదాన్ని. కానీ మేస్త్రీతో వాదిస్తే ఆయన అరవంలోకి దిగుతాడు, నాకు జవాబు రాదు.

ఇలా ఉండగా పుంగనూరు పశువుల ఆస్పత్రి నుంచి కబురొచ్చింది. ఇంకో నాలుగు రోజుల్లో అక్కడ ఆవుల ప్రదర్శన. బయటి కాంపౌండు గోడకు కొత్తగా సున్నం కొట్టారు. ఆ తెల్లటి పొడుగాటి గోడ మీద ఒక పుంగనూరు ఆవును వేయాలి. డాక్టరమ్మ చిన్నపిల్ల, గోదావరి వైపు నుంచి వచ్చింది, మాట మెత్తన.

"చూడగానే 'ఇంత చిన్న ఆవా!' అనిపించాలండి. అదొక్కటి వస్తే చాలు" అంది.

మాకు ఫోనులో ఒక ఫొటో కూడా చూపించింది. ఫొటోలో ఆవు ఏనుగంత ఉంది. పక్కన ఏమీ లేకుండా ఒక్క ఆవునే తీస్తే అది ఎంత ఉందో ఆ దేవుడికే తెలియాలి. మేస్త్రీ పెదవి విరిచి, "ఫొటో వద్దు తల్లీ, ఆవునే పిలిపించు" అన్నాడు.

ఆవు వచ్చింది. దాన్ని తోలుకొచ్చిన అవ్వ కూడా వచ్చింది. ఇద్దరిలో ఎవరు ఎక్కువ పొట్టో చెప్పడం కష్టం. తెల్లటి ఆవు, వెడల్పాటి నుదురు, నెలవంక లాంటి బుల్లి కొమ్ములు, నేలను తాకే తోక. అవ్వ నడుము దాకా ఉంది, అంతే. అవ్వ మొదటి మాటే హెచ్చరిక.

"నాయనా, దీన్ని మేక అన్నోళ్ళుండారు, కుక్క అన్నోళ్ళుండారు. మా బెంగుళూరు సుట్టమొకడు వచ్చి, దూడ బాగుండాది, తల్లిని యాడ కట్టేసినావ్ అన్నాడు. నాలుగు ఈతలు ఈనిన ఆవును పట్టుకుని! నువ్వు గోడమీద ఏస్తావో ఏమో, సూసినోడెవడన్నా మళ్ళా దూడ అన్నాడంటే నేనే సున్నం తెచ్చి కొట్టేస్తా."

మేస్త్రీ నవ్వి, స్టీలు టేపు తీసి, ఎత్తు కొలవడానికి వంగాడు. కొలిచాడు. బటన్ నొక్కాడు. టేపు సర్రుమని డబ్బీలోకి పోయింది. ఆ చప్పుడుకు ఆవు బెదిరి తల విసిరింది. మేకంత ఆవు అని తేలిగ్గా అనుకోకండి. మా మేస్త్రీ నిలువెత్తు మనిషి, నీట్‌గా ఇస్త్రీ చొక్కా వేసుకుని, వెనక ఉన్న కుడితితొట్లో కూర్చున్నాడు. మోకాళ్ళు పైకి, చేతులు పక్కలకు. జేబులో బ్రష్షు మాత్రం తడవలేదు.

చెల్లెమ్మ "ప్రభువా!" అని నోరు మూసుకుంది. నోరు మూసుకున్నా భుజాలు ఊగిపోతున్నాయి.

అవ్వ మాత్రం ఆవు దగ్గరికి పరిగెత్తింది. "దెబ్బ తగిలెనా నా బంగారూ?" అని దాని నుదురు నిమిరింది.

లేపి చూస్తే మేస్త్రీ కుడి మణికట్టు పూరీలా పొంగుతోంది. డాక్టరమ్మ కంగారు పడింది. "నేను మనుషులకు కట్టకూడదండి!"

"ఎద్దనుకోండమ్మా, మాకేం తప్పు పట్టేది లేదు" అంది చెల్లెమ్మ.

చివరికి డాక్టరమ్మ నవ్వాపుకుంటూ తాత్కాలికంగా ఒక కట్టు కట్టి, మనుషుల ఆస్పత్రికి పంపింది. ఎముక విరగలేదు కానీ వారం దాకా ఆ చెయ్యి కదపకూడదన్నారు. ప్రదర్శన ఇంక మూడు రోజులు.

సాయంత్రం మేస్త్రీ గోడ ముందు బెంచీ మీద కూర్చుని, ఎడమచేత్తో జేబులోంచి గీత బ్రష్షు తీశాడు. దాన్ని చూశాడు, నన్ను చూశాడు. అప్పిచ్చినట్టు ఇచ్చాడు.

"ఈ ఆవు నీది. ఇది కుదిరితే ఈడ నుంచి కుప్పం దాకా మనకు రావలసిన బడి గోడలన్నిటికీ గీత నువ్వే గీస్తావు. కుదరలేదా, పలమనేరులో ఒక ఆర్టిస్టు ఉండాడు, వాణ్ణి పిలుస్తా. నువ్వు మళ్ళా డబ్బాల కాడికి పోవల్ల. ఇంకెప్పుడూ బ్రష్షు అడగరాదు."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టిందా అని అడగకండి. బ్రహ్మాండంగా పట్టింది. సంతోషం ఎక్కువైతే నాకు నిద్రే వస్తుంది.

తెల్లవారి మొదలుపెట్టాను. మేస్త్రీలా ఒకే ఊపులో మూతి నుంచి తోక దాకా గీయడం నాకు రాదు. నాకొచ్చింది చుక్కలు. ఆవును నా జానతో కొలిచాను. కాలిగిట్ట నుంచి మూపురానికి నాలుగున్నర జానలు. మూతికొక చుక్క, కొమ్ముకొకటి, మూపురానికొకటి, తోక మొదలుకొకటి, మోకాళ్ళకు నాలుగు. గోడ అడుగున, నేల దగ్గరే గిట్టలు పెట్టి, ఉన్న ఆవు ఉన్నంతే, ఒక వేలు ఎక్కువ లేదు, తక్కువ లేదు. చుక్కలన్నీ పెట్టాక ఊపిరి బిగబట్టి కలిపాను. ముగ్గు వేసేటప్పుడు చూడండి, చెయ్యి చుక్క దగ్గరికి పోదు, చుక్కే చేతిని లాక్కుంటుంది. అలా లాక్కుపోయింది. వెనక బెంచీ మీద నుంచి ఒక్క మాట లేదు. మేస్త్రీ మాట్లాడకపోతే బాగుందని అర్థం.

రంగు దగ్గరికొచ్చేసరికి చిక్కు. తెల్ల గోడ, తెల్లావు. తెలుపు మీద తెలుపు వేస్తే ఏం కనిపిస్తుంది? ఆవును ఎండలో కట్టేయమని అవ్వకు చెప్పి, దాని ఎదురుగా కూర్చున్నాను. గ్రేడింగు కాయల ముందు కూర్చున్నట్టే. కాసేపటికి తెలుపు విడిపోవడం మొదలైంది. పొట్ట కింద నేల ఎరుపు పైకి కొడుతోంది. వీపు వంపు దిగేచోట ఆకాశం నీలం అంటుకుంది. చెవుల వెనక నుంచి ఎండ వస్తే అవి లేత గులాబీ. మెడ ముడతల్లో బూడిద, తొడ మీద పసుపు. వెతికి వెతికి చూస్తే నిజమైన తెలుపు ఒక్క మూపురం మీద ఉంది, ఎండ నేరుగా పడేచోట, నా అరచేతి అంత. అంత తెల్లావులో తెలుపు అంతే! నాకు అక్కడే లేచి గంతులేయాలనిపించింది.

నీలం డబ్బా తెరిచాను. మేస్త్రీ లేచాడు.

"తెల్లావుకు నీలం యాల మే? సొక్కా కుట్టిస్తాండావా?"

"కండ్లు సగం మూసి సూడప్పా."

కళ్ళు చికిలించి ఆవును చూశాడు. గోడను చూశాడు. "ఎనక్కాలుకు ఇంకొంచెం ఎయ్యి" అని పోయి కూర్చున్నాడు.

మూపురం మీద మాత్రం నేను ఏ రంగూ వేయలేదు. అక్కడ సున్నం సున్నంగానే వదిలేశాను. చుట్టూ ఉన్నవన్నీ రంగులైనప్పుడు ఆ ఉత్త గోడే ఎండలా వెలిగింది. రంగు వేయకుండా వెలుగు తెప్పించానని నాకు నేనే మురిసిపోయాను. చెల్లెమ్మ రెండు మూడుసార్లు వెనక్కి పోయి, ముందుకొచ్చి చూసి, "అక్కా, ఇది లేచి వస్తాది" అంది.

రెండో రోజు పొద్దున రోడ్డవతల నిలబడి, జనం ఏమంటారో విందామని చెవులు రిక్కించాను. మొదట వచ్చినాయన పాల క్యాన్లు కట్టిన మోపెడ్ ఆపి చూశాడు.

"దూడ శానా బాగుండాదిమ్మా. తల్లిని ఎప్పుడేస్తారు?"

నా గుండె జారి గిట్టల దగ్గర పడింది. రెండో ఆయన, "ఎంత ముద్దుగా ఉండాదో దూడ." మూడో ఆమె, "ఏమ్మా, ఎన్ని నెల్ల దూడ?"

నిజం చెప్పాలంటే వాళ్ళ తప్పేమీ లేదు. అంత పొడుగాటి ఖాళీ గోడ, అందులో ఒక మూలన అంత చిన్న ఆవు. కొలత సరిగ్గా ఉంది కాబట్టి ఆవు అనిపిస్తుందనుకున్నాను. కొలత నాకు తెలుసు, ఆవుకు తెలుసు. రోడ్డు మీద పోయేవాడికి ఎలా తెలుస్తుంది?

మేస్త్రీ బొగ్గు ముక్క చెల్లెమ్మ చేతికిచ్చి, "దాని పక్కన పెద్దది గీయి. గోడ నిండా" అన్నాడు. ఆయన ఎడమచేత్తో గాలిలో చూపిస్తుంటే చెల్లెమ్మ గోడ మీద పెద్ద ఆవును బొగ్గుతో గీసింది. అయ్యాక ముగ్గురం రోడ్డు దాటి చూశాం. పెద్దమనిషి ఒకాయన ఆగి, "ఒంగోలు ఆవా?" అని అడిగి పోయాడు. చెల్లెమ్మ "ప్రభువా, చిన్నది చేస్తే దూడ, పెద్దది చేస్తే ఒంగోలు. మధ్యలో పుంగనూరు యాడుందో!" అని బొగ్గు గీతలు తుడిచేసింది.

మేస్త్రీ ఇక నవ్వలేదు. "రేపు పొద్దన్నే డాక్టరమ్మ వస్తాది. ఆ లోపల ఇది ఆవు కావల్ల. కాకుంటే నేను చెప్పిందే" అన్నాడు. ఫోను తీసి పలమనేరు ఆర్టిస్టు నంబరు వెతుకుతున్నాడు. కళ్ళద్దాలు లేక నంబరు దొరకడం లేదు. నేను కళ్ళద్దాల డబ్బా మీద కూర్చుని ఉన్నాను. చెప్పలేదు.

అంతలో అవ్వ వచ్చింది. రోడ్డు మీద ఎవరో దూడ అన్నారని అప్పటికే ఆమె చెవిన పడింది. నిజంగానే చేతిలో సున్నం బొక్కెన! ఆమె గోడ దగ్గరికి పోయి, బొమ్మను కిందికీ పైకీ చూసింది. బొక్కెన కింద పెట్టింది. అలవాటు కొద్దీ, పాలు పిండడానికి కూర్చున్నట్టు ఆవు పొట్ట పక్కన గొంతుక్కూర్చుంది. కాసేపు కూర్చుని, మోకాళ్ళు నొప్పులు కాబట్టి, రోజూ లేచేటట్టే ఎడమచెయ్యి పక్కకు చాపి ఆసరా పట్టుకుని లేవబోయింది. చెయ్యి నేరుగా పోయి మూపురం మీద ఆనింది, నేను రంగు వేయని చోట.

అవ్వ అలాగే నిలబడిపోయింది. చెయ్యి తీయలేదు.

"ఇది నా ఆవే" అంది, మెల్లగా. "నా సేతికి తెలస్తాది."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి కానీ, ఏడవడానికి సందు దొరకలేదు. రోడ్డవతల నుంచి మేస్త్రీ కేక పెట్టాడు.

"మే! ఈడికి రా! అవ్వా, నువ్వు కదలొద్దు!"

పరిగెత్తి పోయి చూశాను. అవ్వ పక్కన నిలబడి ఉండగా గోడ మీదున్నది దూడ కాదు. నడుమెత్తు ఆవు, బుల్లి ఆవు, ముమ్మాటికీ ఆవు.

"అవ్వా, పక్కకు పో!" అన్నాడు మేస్త్రీ. అవ్వ జరిగింది. దూడ.

"అవ్వా, రా!" ఆవు.

"పో అవ్వా!" దూడ.

"రా!" ఆవు.

రోడ్డు మీద జనం గుమిగూడారు. వాళ్ళూ మొదలుపెట్టారు. "అవ్వా రా! అవ్వా పో!" బస్సు డ్రైవరు ఒకాయన బండి ఆపి, కిటికీలోంచి తల బయటపెట్టి, "ఇంకొకసారి, అవ్వా!" అన్నాడు. ఐదారు సార్లు తిరిగాక అవ్వ కొంగు నడుముకు దోపి, "నేనేమన్నా రైలు గేటునా, వచ్చేదానికి పొయ్యేదానికి?" అని బొక్కెనలో చెయ్యి పెట్టి అందరి మీదా సున్నం నీళ్ళు చల్లింది. చెల్లెమ్మ నేల మీద కూలబడి నవ్వింది. నేను గోడ పట్టుకుని నవ్వాను.

మార్గం తేలిపోయింది. అవ్వను ఆవు పక్కన వేసేస్తే సరి. నేను బ్రష్షు తడిపాను. అవ్వ రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"వద్దు తల్లీ. మనిషి బొమ్మ గోడమీద ఎప్పుడు పెడతారు? పొయినాక. మా వీధిలో వాండ్లు సూసి, నేను పోయినాననుకుని ఇంటికి వచ్చేస్తారు. కాఫీలు ఎవురు పెడతారు?"

ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. సరే, మనిషి వద్దు. ఈ రోడ్డు మీద పోయే ప్రతివాడికీ, చదువుకున్నవాడికీ చదువుకోనివాడికీ, ఎంత ఎత్తో అడగకుండా తెలిసిన వస్తువు ఏది? కడవ అంటే చిన్న కడవ ఉంది, పెద్ద కడవ ఉంది. చెట్టు అంటే అసలే లెక్క లేదు. కుర్చీ అన్నాడు మేస్త్రీ, ఆవు పక్కన కుర్చీ యాల, ఆవు కూర్చుంటాదా అంది చెల్లెమ్మ. నేను ఆలోచిస్తూ ఉంటే రోడ్డు మీద ఒక లారీ పోయింది. దాని నిండా క్రేట్లు.

టమోటా క్రేటు! మదనపల్లె నుంచి కుప్పం దాకా దాన్ని ఎత్తని చెయ్యి లేదు, దాని మీద కూర్చోని మనిషి లేడు. రచ్చలో కూర్చునేది దాని మీదే, పెళ్ళిలో గిన్నెలు మోసేది దాంట్లోనే. అది మోకాలెత్తు అని ఎవరికీ చెప్పనక్కర లేదు. ఒంటికే తెలుసు.

ఆ సాయంత్రం వెలుతురు ఉన్నంతవరకు ఆవు ముందర, మూతికి కాస్త ఇవతల, నీలం క్రేటు ఒకటి వేశాను. తెల్లవారకముందే లేచి, వెలుతురు పడగానే అందులో టమోటాలు నింపాను. ఇంక చూడండి నా చెయ్యి! ఇన్నేళ్ళుగా కళ్ళలో దాచుకున్న మెట్లన్నీ బయటికి దూకాయి. పచ్చ, పచ్చలో పసుపు, గులాబీ తిరిగినది, నిప్పులాంటిది. ఒక విచిత్రం కూడా జరిగింది. పక్కన ఎరుపు పడగానే ఆవు ఇంకా తెల్లబడింది. నేను ఆవును ముట్టనైనా లేదు. రంగు ఎప్పుడూ ఒంటరిగా ఉండదమ్మా, పక్కన ఎవరున్నారో చూసుకుని తన పేరు చెబుతుంది.

పొద్దెక్కింది. డాక్టరమ్మ వచ్చింది, మేస్త్రీ ఇస్త్రీ చొక్కాలో నిలబడ్డాడు, అవ్వ ఆవుతో వచ్చింది. అందరం రోడ్డవతల నిలబడ్డాం. డాక్టరమ్మ ఏదో అనబోతుండగా ఒక టెంపో వచ్చి ఆగింది. ప్రదర్శనకు వచ్చే ఆవులు రోడ్డుకు అడ్డంగా ఉన్నాయి మరి. టెంపో నిండా ఆడవాళ్ళు. ఎవరో కాదు, మా మదనపల్లె మార్కెట్టు వాళ్ళే, పుంగనూరు యార్డుకు గ్రేడింగుకు పోతున్నారు. నాతోబాటు ఏళ్ళ తరబడి కాయలు ఏరినవాళ్ళు. ఒకామె తల బయటపెట్టింది.

"సూడే, ఇంత సిన్న ఆవా మే!" అంది.

అంతే. ఆమెకు అది పెద్ద మాట కాదు, ఊరికే అనేసి చూపు క్రేటు మీదికి తిప్పింది. డాక్టరమ్మ చేతిలో ఫోను అలాగే ఆగిపోయింది. నాలుగు రోజుల క్రితం తను అడిగిన మాట అక్షరం పొల్లు పోకుండా టెంపోలోంచి వచ్చింది.

నేను సంతోషించేలోపల టెంపోలోంచి రెండో గొంతు లేచింది.

"ఎవుర్రా ఆ క్రేటు నింపింది? దోరకాయ, పండుకాయ ఒగటిగా పోసినారే!"

"పైన పండు, కింద పచ్చి! మద్రాసుకు పొయ్యేలోగా రసమే!"

"అది మన రంగులామె కదా మే, ఆడ నిలబడింది? ఏమ్మే, ఇన్నేండ్లు మాతో కూర్చున్నావు, సిగ్గు లేదా? ఇట్లనా నింపేది?"

"అది బొమ్మ కదక్కా!" అన్నాను. "రంగు కోసరం కలిపినా."

"బొమ్మయితే మాత్రం? క్రేటు క్రేటే కదా! మండీ ఆయన సూస్తే నిన్ను పక్కన పెట్టి మమ్మల్ని తిడతాడు!"

నలుగురు దిగారు. గోడ దగ్గరికి పోయి, కాయ కాయకూ వేలు పెట్టి, ఇది తీసెయ్, ఇది ఉండనీ, ఇది నిన్ననే పోవలసింది అని పంచాయితీ పెట్టారు. రంగు ఇంకా తడి. వాళ్ళ వేళ్ళకంతా ఎరుపు. ఒకామె నిప్పులాంటి కాయను గోటితో నొక్కి చూసింది, గట్టిగా ఉందా మెత్తబడిందా అని! డాక్టరమ్మకు నవ్వు ఆగక గేటు పట్టుకుంది. అవ్వ మధ్యలోకి పోయి, "కాయల గొడవ మీరూ మీరూ సూసుకోండి, నా ఆవును ముట్టుకోవద్దండి, అది కుమ్ముతాది. కావాలంటే ఆయన్ను అడగండి" అని మేస్త్రీ వైపు చెయ్యి చూపింది.

ఎవరూ దూడ అనలేదు. గీత బాగుందని కూడా ఎవరూ అనలేదు. రంగు బాగుందనీ అనలేదు. కాయల కోసం కొట్లాడుకున్నారు. నా ఉద్యోగంలో అంతకు మించిన మెప్పు నాకు మళ్ళీ రాలేదు.

వాళ్ళ పోరు పడలేక ఆ మధ్యాహ్నం కూర్చుని క్రేటునంతా దోరకాయలే చేశాను. పైన మాత్రం ఒక్క పండు వదిలాను, ఆవు తెలుపు కోసం. దానికి వాళ్ళు ఇప్పటికీ నన్ను క్షమించలేదు.

పని ముగించి బ్రష్షు కడిగి, మేస్త్రీకి తిరిగి ఇవ్వబోయాను. ఆయన చెయ్యి చాపలేదు. కట్టున్న చేత్తో గోడ వైపు చూపిస్తూ, "ఎనక్కాలు గిట్ట కొంచెం వంకర" అన్నాడు. తరువాత, "కడిగినాక ఎండలో పెట్టొద్దు, వెంట్రుకలు ఇరుగుతాయి. ఆముదం రాసి పండబెట్టల్ల" అన్నాడు. అంతే. అది పొగడ్త అని నాకు అర్థం కావడానికి బస్సెక్కి సగం దూరం పోవలసి వచ్చింది. అర్థమయ్యాక బస్సులో గట్టిగా నవ్వాను. పక్కన కూర్చున్నామె భయపడి సీటు మారింది.

ఆ తరువాత పుంగనూరు నుంచి గుడుపల్లె మీదుగా కుప్పం దాకా ఎన్ని బడి గోడల మీద ఏమేం గీశానో నాకే లెక్క లేదు. ఇప్పుడు మోకాళ్ళు ఒప్పుకోక మానేశాను. బ్రష్షు ఉంది, ఆముదం రాసి పండబెట్టే ఉంచాను.

మొన్న పని ఉండి పుంగనూరు పోయాను. ఆ గోడ దగ్గర బస్సు దిగి చూద్దును కదా, ఆవు కొంచెం వెలిసింది, క్రేటు బాగానే ఉంది, మూపురం మాత్రం నల్లగా, నున్నగా మెరుస్తోంది. నేను రంగు వేయకుండా వదిలిన ఆ తెల్లటి చోటు! తడి గుడ్డ పెట్టి తుడుద్దామని సంచిలో వెతుకుతుంటే, బస్సు కోసం నిలబడిన ఒకామె దగ్గరికొచ్చింది. నేనెవరో ఆమెకు తెలియదు.

"కొత్తగా వచ్చినావా అవ్వా? అది మురికి కాదు. ఈడికి వచ్చినోళ్ళంతా ఆవు ఎంతుందో సూసేదానికి సెయ్యి పెడతారు. నువ్వు గూడా పెట్టు."

నేను చెయ్యి చాపాను.

"అట్ల కాదవ్వా. మొదలు కింద కూర్చోవల్ల. కూర్చుని, లేస్తా పట్టుకోవల్ల."

సంచి పక్కన పెట్టి, గోడ పక్కన గొంతుక్కూర్చున్నాను. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. ఎడమచెయ్యి పక్కకు చాపి, పట్టుకుని లేచాను.

సరిగ్గా ఆనింది.